ముప్పై ఒక్క పక్కటెముకలు

మా పెరటి గోడకు అవతల మున్సిపాలిటీవారి బందెలదొడ్డి ఉంది. రోడ్ల మీద తిరిగే గొడ్లను పట్టుకొచ్చి అందులో పెడతారు. యజమాని వచ్చి విడిపించుకునేదాకా అవి అక్కడ నిలబడి మా అరటిచెట్ల వంక చూస్తూ ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా గిన్నెలు తోముకుంటూ ఆ గోడ మీదుగా ఆవుల్ని చూశాను, గేదెల్ని చూశాను, ఒకసారి మేకల మందనీ చూశాను. గుర్రాన్ని చూడటం మాత్రం ఈ ఏడాదే.

అది పెళ్లిళ్ల గుర్రం. తెల్లటి ఆడగుర్రం. ఈ ఊరి పెళ్లికొడుకుల్లో సగంమంది దాని మీద ఊరేగినవాళ్లే. వయసు మీదపడి, బ్యాండు మోగితే బెదరడం మొదలుపెట్టాక, యజమాని దాన్ని ఊరి చివర రేకుల షెడ్డులో కట్టేసి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. పక్క పొలంవాళ్లు చెప్పగా మున్సిపాలిటీవారు తాళం పగలగొట్టారు. అప్పటికి దాని ఒంట్లో మిగిలింది ఎముకలూ, వాటి మీద కప్పినట్టున్న చర్మమూ, రెండు పెద్ద కళ్లూ.

సరిగ్గా ఆ నెలలోనే పైనుంచి 'మూగజీవాల పునరావాస పథకం' వచ్చింది. పథకం వచ్చింది కానీ పునరావాసం కావలసిన మూగజీవం దొరకలేదు. వీధి కుక్కలన్నీ హోటళ్ల దగ్గర బలిసి ఉన్నాయి. అందుకని ఈ గుర్రం దొరికిందనేసరికి మున్సిపల్ ఆఫీసులో ఇంట్లో ఆడపిల్ల పుట్టినంత సందడి చేశారు. బందెలదొడ్డిలో షామియానా వేశారు. పథకానికి విశేషాధికారిగా వేసిన త్రినాథస్వామిగారు గుర్రానికి బంతిపూల దండ వేసి మాట్లాడారు.

"ఈ అశ్వము కేవలము అశ్వము కాదు. ఇది మన సంకల్పము."

సంకల్పం మెడ వంచి దండ తినేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ దండ తినడమే తర్వాత ఫైల్లో మొదటి అక్రమంగా నమోదైంది.

సభ అయ్యాక పంచనామా రాశారు. యజమాని మీద కేసు పెట్టాలి కదా. త్రినాథస్వామిగారు గుర్రం పక్కన నిలబడి వేలితో ఒక్కొక్క ఎముకనూ ముట్టుకుంటూ చెప్తుంటే గుమాస్తా రాసుకున్నాడు.

"కుడి పార్శ్వమున బహిర్గతమగుచున్న పక్కటెముకలు పదహారు. ఎడమ పార్శ్వమున పదిహేను. వెరసి ముప్పై ఒకటి."

"ఎడమవైపు ఒకటి తగ్గిందేంటండీ?" అన్నాడు గుమాస్తా.

"దాన్నడుగు," అన్నారాయన.

ఆ కాగితం కింద బందెలదొడ్డి కాపలాదారు తాతబ్బాయి సంతకం పెట్టాడు. ముప్పై ఒక్క పక్కటెముకలు గల గుర్రం ఒకటి సరిచూసుకుని ముట్టినది అని.

తాతబ్బాయికి యాభై ఆరేళ్లు. నల్లగా, బొద్దుగా, నవ్వితే బుగ్గలు పొంగేలా ఉండేవాడు. పశువుల్ని పేరు పెట్టి పిలవకపోతే అతనికి పొద్దుపోదు. గుర్రానికి సుందరి అని పెట్టుకున్నాడు.

మర్నాడు పశువుల డాక్టరు హైమవతి వచ్చింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. గోడ అవతల మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"ఒక్కసారిగా కడుపు నింపేస్తే చచ్చిపోతుందండీ. గుప్పెడు గుప్పెడు గడ్డి, మూడు గంటలకోసారి. పదిరోజులు అంతే. తర్వాత తడిపిన తవుడు, ఆ తర్వాత ఉడకబెట్టిన ఉలవలు కొంచెం కొంచెం. రెండు నెలల్లో లేచి తిరుగుతుంది," అందామె.

"తిరుగుట అనగా?" అన్నారు త్రినాథస్వామిగారు.

"అంటే, బాగుపడుతుందండీ."

"అది సాధ్యము కాదు డాక్టరుగారూ. ఈ గుర్రము కేసులో సాక్ష్యాధార వస్తువు. స్వాధీనపరచుకున్న స్థితిలోనే కోర్టువారి ఎదుట హాజరుపరచవలె. బలిసిన గుర్రాన్ని పట్టుకెళితే, నేను పస్తులుంచలేదు బాబూ, చూడండి ఎలా ఉందో అంటాడు యజమాని. అప్పుడు మన పరువేమి కావలె?"

"మరి పునరావాసం?"

"తీర్పు వచ్చిన మరునాటి ఉదయమే ప్రారంభము. గడ్డి ఇప్పటికే తెప్పించి ఉంచాము."

నిజమే. పక్క గదిలో రెండు బండ్ల గడ్డి పెట్టి, తాళం వేసి, లక్కముద్ర కొట్టారు. సుందరి ఆ తలుపు దగ్గరే ముక్కు ఆనించి నిలబడి ఉంది.

"తీర్పు వచ్చేలోపు ఇది చచ్చిపోతుందండీ!" అంది డాక్టరమ్మ.

ఆయన పంచనామా కాగితం తీసి చూసుకున్నారు. "మరణము సంభవించినను ఎముకల సంఖ్యలో లోపము రాదు కదా?"

డాక్టరమ్మ బ్యాగు తీసుకుని బయటికి వచ్చేసింది. వీధి మలుపు తిరిగి నేరుగా మా పెరటి తలుపు కొట్టింది. "మీ గోడ ఎత్తెంతండీ?" అని అడిగింది. నా భుజాల దాకా అన్నాను. "పాలవాడు గడ్డి తెస్తాడా?" అంది. తెస్తాడన్నాను. ఆ పూటే పాలవాడికి గడ్డి చెప్పాను.

తాతబ్బాయి మొదట ఒప్పుకోలేదు.

"సంతకం పెట్టేనండమ్మగారూ. ముప్పయ్యొక్కటి అప్పజెప్పాలండి. ఉద్యోగం పోద్దండి."

"దాని మొహం చూడు తాతబ్బాయ్."

"సూడకూడదనేనండి అటేపు తిరిగి కూకున్నాను," అన్నాడు. అని ఇటువైపు తిరిగి చెయ్యి చాపాడు. నేను గడ్డి పెట్టిన తట్ట అందించాను.

మూడు గంటలకోసారి గుప్పెడు. పోపు వేస్తూ ఉంటే గోడ అవతల దగ్గు వినబడేది. నేను స్టవ్ తగ్గించి వెళ్లేదాన్ని. పదిరోజులయ్యేసరికి సుందరి చెవులు నిలబెట్టింది. పదిహేనో రోజున నా గొంతు విని సకిలించింది. ఆ సకిలింపు ఏ ఆఫీసులోనూ వినబడకూడదని నేనూ తాతబ్బాయీ ఒకేసారి దగ్గాం.

ప్రతి సోమవారం ఎముకల తనిఖీ జరిగేది. త్రినాథస్వామిగారు గొడుగుతో వచ్చి, గుమాస్తా చేత లెక్క పెట్టించి, రిజిస్టర్లో రాయించేవారు. మూడో సోమవారం ఇరవై తొమ్మిదే వచ్చాయి. మళ్లీ లెక్క పెట్టారు. తోక వైపు నుంచి లెక్క పెట్టారు. ఇరవై తొమ్మిదే. మధ్యాహ్నానికి తాతబ్బాయికి మెమో వచ్చింది. దాన్ని పట్టుకుని అతను గోడ దగ్గరికి వచ్చాడు. మా ఆయన అదే ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు రాసి రిటైరైన మనిషి. కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు.

"మీ సంరక్షణలో నుండిన ప్రభుత్వ సాక్ష్యాధార వస్తువు నుండి రెండు పక్కటెముకలు ఎట్లు అదృశ్యమైనవో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల సదరు ఎముకలను మీరే స్వప్రయోజనమునకు వినియోగించుకొన్నట్లు భావించబడును."

చదివి కాసేపు కళ్లు మూసుకున్నారు. "ఎంత చక్కగా రాశాడే! ఈ రోజుల్లో ఇలా రాసేవాళ్లేరీ?"

"సంబడం! ముందు జవాబు రాసివ్వండి," అన్నాను.

ఆయన రాశారు. ఎముకలు ఎక్కడికీ పోలేదనీ, గుర్రము లోపలనే క్షేమముగా ఉన్నవనీ, కేవలము చర్మము వెనుకకు జరిగినవనీ. రెండు రోజుల్లో తిరుగు మెమో వచ్చింది. లోపలికి జరుగుటకు అనుమతి ఎవరిచ్చిరి అని.

ఇకమీదట ఏ ఎముక జరిగిందో తెలియడానికి వాటికి నంబర్లు వేయాలని నిర్ణయించారు. వీధి గుమ్మాలకి నంబర్లు వేసే పెయింటరు నీలం రంగు డబ్బాతో వచ్చాడు. కనబడే ప్రతి ఎముక మీదా ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోయాడు. పద్దెనిమిది దగ్గర సుందరికి చక్కిలిగిలి పుట్టి కదిలింది. దాంతో పద్దెనిమిది కాస్తా ఎనభై ఒకటిలా కనిపించింది. దాన్ని సరిదిద్దడానికి మళ్లీ ఫైలు పెట్టారు.

నంబర్లు వేశాక కొత్త చిక్కు వచ్చింది. నంబరు అలాగే ఉంటోంది, దాని కింద ఎముకే ఉండటం లేదు. ఇది మా ఊరి మున్సిపాలిటీకి కొత్తేమీ కాదు. రికార్డుల్లో నంబర్లున్న కుళాయిలూ వీధిదీపాలూ ఎన్నో అలాగే ఉన్నాయి. కానీ త్రినాథస్వామిగారు కోపం తెచ్చుకున్నారు.

"తాతబ్బాయ్! తొమ్మిదో నంబరేదీ?"

"ఇదిగోనండి."

"అది నంబరు. ఎముకేదీ?"

తాతబ్బాయి వేలితో గట్టిగా నొక్కాడు. "లోపల తగుల్తందండి బాబూ. మీరూ సూడండి."

"లోపల తగిలేది మాకక్కరలేదు. బహిర్గతమగునదే లెక్క."

ఆషాఢం వచ్చింది. నాలుగు వానలు పడేసరికి దొడ్డంతా పచ్చగా గడ్డి మొలిచింది. ఇది ఎవరూ గోడ మీదుగా అందించింది కాదు. అయినా 'సాక్ష్యమును తారుమారు చేయు ఉద్దేశముతో మొలచిన గడ్డి' అని రాసి ఎనిమిదిమంది కూలీల చేత పారలతో చెక్కించేశారు. దాంతో పాటు ఇంకో ఉత్తర్వు వచ్చింది. తినదగిన పదార్థమేదీ దొడ్డి గేటు దాటి లోపలికి రాకూడదు. కాపలాదారు ఇరవైనాలుగు గంటలూ లోపలే ఉండాలి. ఆదివారం ఒక్క పూట ఇంటికి వెళ్లి రావచ్చు.

ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నా వాటిని కలిపి చదవాలని ఎవరికీ తోచలేదు. తాతబ్బాయి భార్య మంగతాయారు మధ్యాహ్నం క్యారేజీతో వచ్చింది. గేటు దగ్గర కూర్చోబెట్టిన కొత్త జవాను మూత తీసి చూశాడు.

"అన్నం. తినదగిన పదార్థం," అన్నాడు.

"అది గుర్రానికి కాదు బాబూ, మా ఆయనకి. వంకాయ కూర. గుర్రం వంకాయ తింటాదేటి?"

"తినదని రాసిస్తావా?"

మంగతాయారుకి చదువు రాదు. క్యారేజీ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను కంచంలో అన్నం కలిపి గోడ మీద పెట్టాను. తాతబ్బాయి దాన్ని వెనక్కి నెట్టాడు.

"వొద్దండమ్మగారూ. సుందరికి గడ్డియ్యండి సాలు."

"నువ్వేం తింటావు?"

"నేను తింటా కనబడితే గుర్రానిక్కూడా పెట్టేననుకుంటారండి. నేనెండిపోయి ఉన్నాననుకోండి, ఈ దొడ్లో తిండన్నదే లేదని నమ్ముతారండి. మీ గోడేపు ఎవరూ సూడరు."

"పిచ్చా నీకు?"

"దీని ఊపిరి నా సేతుల్లో తిరిగి మొదలయ్యిందండి. ఇప్పుడొదిలేస్తే ఎలాగండి?" అన్నాడు. చివరికి మజ్జిగకి మాత్రం ఒప్పుకున్నాడు. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. అదీ గోడకి ఆనుకుని, దగ్గుతున్నట్టు తల వంచి తాగేవాడు.

గుర్రం ఉలవల దశకు వచ్చింది. ఉలవచారు కాచే ఇళ్లలో ఇది కష్టమేమీ కాదు. ఉలవలు గంటల తరబడి ఉడికించి, ఆ నీళ్లు చారుకి వంచుకుంటాం, ఉడికిన ఉలవలు గొడ్డుకి పెడతాం. గొడ్డు ఉన్న ఇంట్లో ఇది మామూలు. గొడ్డు లేని ఇంట్లో, ఇద్దరే మనుషులున్న ఇంట్లో, వరసగా పంతొమ్మిది రోజులు ఉలవచారు కాచడమే కాస్త వింత. మా ఆయన ఇరవయ్యో రోజున కంచం ముందు కూర్చుని, "ఏమేవ్, పెరుగు లేదూ?" అన్నారు దీనంగా.

ఆ రోజే త్రినాథస్వామిగారు విచారణకి మా ఇంటికి వచ్చారు. గోడ ఎత్తు టేపుతో కొలిపించారు. పెరట్లో అరటిచెట్ల నీడ ఏవైపు పడుతుందో రాసుకున్నారు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గర ఆగి గాలి పీల్చారు.

"ఇదేమి వాసన?"

"ఉలవచారండి. తింటారా?" అన్నాను. అంతకంటే నాకేమీ తోచలేదు.

వేడన్నంలో చారు పోసి, మీద మీగడ వేశాను. ఆయన మొదటి ముద్దకే భాష మార్చేశారు. "అబ్బ! మా అమ్మ ఇలాగే కాచేదండీ," అన్నారు. నాలుగుసార్లు వడ్డించుకున్నారు. నాలుగోసారి వేళ్లు నాకుతూ ఉన్నట్టుండి తలెత్తారు.

"అవునమ్మా, ఉడికిన ఉలవలేం చేస్తారు?"

మా ఆయనకి పొలమారింది. నేను ఆయన వీపు మీద కొడుతూ, "మా ఇంట్లో ఏదీ వృథాగా పోనివ్వమండి," అన్నాను.

"సంతోషము. వనరుల సద్వినియోగము," అంటూ ఆయన మళ్లీ తన భాషలోకి వెళ్లిపోయి, అదే మాట కాగితం మీద రాసుకున్నారు. అవతల సుందరి ఆ వనరులు నములుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

అంతలో కోర్టు వాయిదా దగ్గర పడింది. గుర్రాన్ని చూపించాలి. ముందుగా తుది తనిఖీ అన్నారు. త్రినాథస్వామిగారు, గుమాస్తా, హైమవతి డాక్టరు, ఇంకా పై ఆఫీసు నుంచి స్టోర్ల తనిఖీకి వచ్చిన ఒక ఆడిటరూ, అందరూ దొడ్లో చేరారు. నేను స్టూలు వేసుకుని గోడ మీదుగా చూస్తున్నాను. మా ఆయన కుర్చీ ఎక్కారు.

సుందరిని చూసి డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. వీపు నిండింది. మెడ ఎత్తి నిలబడింది. వెంట్రుకలకి మెరుపు వచ్చింది. ఒంటి మీద వేసిన నీలం నంబర్లు పండగ అలంకారంలా ఉన్నాయి.

"పదమూడు!" అన్నాడు గుమాస్తా.

"అనగా లోపము పద్దెనిమిది," అన్నారు త్రినాథస్వామిగారు. "ప్రభుత్వ ఎముకలు పద్దెనిమిది! తాతబ్బాయ్, నీకు రిటైర్మెంటు ఎంతలో ఉంది?"

"నాలుగేళ్లండి."

"ఇక లేదు. పైగా పోలీసు కేసు."

తాతబ్బాయి సుందరి మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. గడ్డి నాది, తవుడు నాది, ఉలవలు నావి, గోడ మాది అని చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఆగండి," అన్నాడు ఆడిటరు. చిన్న మనిషి, చేతిలో లావుపాటి నియమాల పుస్తకం. "స్టోరులో సరుకు తక్కువైనప్పుడు, కేసు పెట్టేముందు సంరక్షకుని ఒళ్లు సోదా చేయాలి. నూట పన్నెండో నిబంధన. చేశారా?"

"చేయలేదు," అన్నారు త్రినాథస్వామిగారు సిగ్గుపడుతూ.

"చొక్కా విప్పవయ్యా."

తాతబ్బాయి చొక్కా విప్పాడు.

డాక్టరమ్మ అబ్బా అంది. నేను స్టూలు మీద నుంచి పడబోయి గోడ పట్టుకున్నాను. రెండు నెలలుగా గోడ మీదుగా అతని తల, భుజాలు తప్ప నాకేమీ కనబడలేదు. చొక్కా అంత వదులైపోయిందని తెలుసు కానీ, దాని లోపల మనిషి ఇలా అయిపోయాడని తెలియదు.

ఆడిటరు దగ్గరికి వెళ్లి వేలు పెట్టి లెక్కపెట్టాడు. కుడివైపు తొమ్మిది. ఎడమవైపు తొమ్మిది. ఇంకోసారి లెక్కపెట్టాడు. పుస్తకం మూశాడు.

"పద్దెనిమిది. దొరికాయి."

త్రినాథస్వామిగారి మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది.

"గుర్రము వద్ద పదమూడు. సంరక్షకుని వద్ద పద్దెనిమిది. వెరసి ముప్పై ఒకటి! రాసుకోవయ్యా! అదృశ్యమైన ఎముకలు దొడ్డి ఆవరణ దాటి పోలేదు. ప్రభుత్వమునకు నష్టము లేదు."

"లెక్కంటే అదీ!" అన్నారు మా ఆయన కుర్చీ మీద నుంచి. నేను ఆయన కాలు తొక్కాను.

ఆ తర్వాతదంతా అరగంటలో అయిపోయింది. ఎక్కువ ఎముకలు తాతబ్బాయి దగ్గరున్నాయి కనుక ఇకపై సాక్ష్యాధార వస్తువు అతనే అని తేల్చారు. కోర్టుకి అతన్నే హాజరుపరుస్తారు. పదమూడు ఎముకల గుర్రంతో కేసుకి ప్రయోజనం లేదు కాబట్టి దాన్ని డాక్టరు హైమవతికి అప్పగించారు. ఆమె వెంటనే తాడు పట్టుకుంది, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని. సుందరి గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసింది. తాతబ్బాయి చెయ్యి ఊపి, "ఎల్లమ్మా, ఎల్లు," అన్నాడు. అది వెళ్లింది. డాక్టరమ్మ దాన్ని ఊరి బయట తన మావిడితోటలో వదిలింది. ఇప్పటికీ అక్కడే ఉంది. బ్యాండు వినబడనంత దూరం.

పెయింటరు నీలం డబ్బాతో మళ్లీ వచ్చాడు. తాతబ్బాయి కదలకుండా నిలబడి నంబర్లు వేయించుకున్నాడు. వాయిదా రోజున జడ్జిగారు సెలవు పెట్టారట. కేసు నెల తర్వాతకి వాయిదా పడింది. అప్పటిదాకా సాక్ష్యాన్ని ఉన్న స్థితిలోనే భద్రపరచాలని, సోమవారం సోమవారం తనిఖీ ఉంటుందని ఉత్తర్వు అతికించి అందరూ వెళ్లిపోయారు.

నేను ఇంట్లోకి వెళ్లి అన్నం వండాను. కందిపప్పు, దోసకాయ పచ్చడి, నెయ్యి. పెద్ద కంచం నిండా పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను.

"తాతబ్బాయ్, గుర్రం వెళ్లిపోయింది. ఇంక ఎవరి కోసం పస్తులు? తిను."

అతను కంచం చూశాడు. గేటు వైపు చూశాడు. తన ఒంటి మీద నీలం నంబర్లు చూసుకున్నాడు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"సోమవారం మళ్లీ లెక్కెడతారండమ్మగారూ. మరీ ఎక్కువ పోతే పట్టేస్తారండి. ఈ వారానికి రెండెముకలకి సరిపడా పెట్టండి," అన్నాడు.

నేను నాలుగింటికి సరిపడా కలిపి పెట్టాను.